సూదంటురాయిలో ఖాళీ కుర్చీలు

అయస్కాంతానికి మన ఇళ్ళలో వాడుక మాట సూదంటురాయి. సూదిని అంటుకునే రాయి అన్నమాట. కర్ణాటకలో స్థిరపడిన మనవాళ్ళకు ‘సూజిగల్లు’ అనే మాట తెలుసు. అర్థం దాదాపు అదే. మరాఠీలో లోహచుంబక్, ఒడియాలో చుంబక అంటారు. ముద్దు పెట్టుకునేది అని ఆ మాటకు అర్థం. తమిళంలో కాందం. మన గ్రాంథికపు మాట అయస్కాంతంలోనూ ఆ కాంతమే ఉంది. ‘అయస్సు’ అంటే ఇనుము. ఇనుముకు ప్రియమైనది అయస్కాంతం. పేర్లు పెట్టడంలో మన పెద్దలు ఏ భాషలోనూ వెనకబడలేదు.

అయితే ఇనుము ఆ రాయి వైపు ఎందుకు పోతుంది అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. ఆ జవాబు దొరికిన తరువాత ఇంకో విశేషం బయటపడింది. క్రోమియం, మాంగనీసు, ఇనుము వంటి లోహాలు టెల్లూరియం అనే అరుదైన మూలకంతో కలిసినప్పుడు చాలా చిత్రమైన అయస్కాంతాలు తయారవుతాయి. వాటి బలాన్ని నిర్ణయించేది అక్కడ ఉన్న పరమాణువులు మాత్రమే కాదు, ఉండవలసిన చోట లేని పరమాణువులు కూడా! ఈ వ్యాసం ఆ సంగతి గురించే. సైన్సు చదవనివారు కూడా ధైర్యంగా చదవవచ్చు. రాస్తున్నవాడు చదివింది కామర్సే.

బంగారాన్ని దాచిన మూలకం

ముందుగా టెల్లూరియం కథ. 1782లో ట్రాన్సిల్వేనియా ప్రాంతపు బంగారు గనుల ఖనిజాన్ని పరీక్షిస్తూ ఫ్రాంజ్ జోసెఫ్ ముల్లర్ అనే అధికారి ఒక కొత్త పదార్థాన్ని చూశాడు. అది ఆంటిమొనీ కాదు, బిస్మత్ కాదు. ఏమిటో తేలక దానికి ‘సమస్యాత్మక లోహం’ అని పేరు పెట్టాడు. 1798లో క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు అది కొత్త మూలకమేనని నిర్ధారించి, లాటిన్‌లో భూమి అనే అర్థం వచ్చేలా టెల్లూరియం అన్నాడు. భూమి పేరు పెట్టుకున్నా, భూమి పైపొరలో అది దొరికేది బహు తక్కువ. ప్లాటినం ఎంత అరుదో ఇదీ సుమారుగా అంతే. రాగిని శుద్ధి చేసేటప్పుడు అడుగున మిగిలే మడ్డి నుంచి దీన్ని ఎక్కువగా తీస్తారు.

బంగారంతో సులభంగా చేతులు కలిపే కొద్ది మూలకాలలో ఇది ఒకటి. ఆస్ట్రేలియాలోని కాల్‌గూర్లీలో 1893లో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు, టెల్లూరియంతో కలిసి ఉన్న బంగారు ఖనిజాన్ని గుర్తు పట్టలేక పనికిరాని రాయిగా పారబోశారు. రోడ్ల గుంతలు పూడ్చడానికి కూడా వాడారు. అందులో బంగారం ఉందని తెలిశాక ఆ రోడ్లనే మళ్ళీ తవ్వుకున్నారట!

టెల్లూరియానికి ఇంకో గుణం ఉంది. అతి కొద్దిగా శరీరంలోకి పోయినా మనిషి ఊపిరి రోజుల తరబడి వెల్లుల్లి వాసన వేస్తుంది. ప్రయోగశాలల్లో దీనితో పని చేసేవారు అందుకే జాగ్రత్తగా ఉంటారు. మన ఇళ్ళకు ఇది తెలియకుండానే వచ్చింది. మళ్ళీ మళ్ళీ రాయగలిగే సీడీ, డీవీడీ పళ్ళేలలో ఉన్న పొర టెల్లూరియం కలిసినదే. కొన్ని రకాల సౌరఫలకాలలోనూ, కార్లలో పెట్టుకునే చిన్న చల్లటి పెట్టెలలోనూ ఇది ఉంటుంది.

అయస్కాంత క్రమం అంటే?

ఇనుము, క్రోమియం, మాంగనీసు, నికెల్ వంటివాటిని పాఠ్యపుస్తకాలలో పరివర్తన మూలకాలు అంటారు. వీటి పరమాణువులలో లోపలి అరలు కొన్ని సగం సగం నిండి ఉంటాయి. జత కుదరని ఎలక్ట్రాన్లు మిగలడం వల్ల ఒక్కో పరమాణువూ ఒక చిన్న సూదంటురాయిలా ప్రవర్తిస్తుంది. దానికి ఒక దిశ ఉంటుంది. బాణం గుర్తుతో చూపవచ్చు.

ఆ బాణాలన్నీ తలో దిక్కూ చూస్తుంటే బయటికి ఏ బలమూ కనబడదు. బడిలో డ్రిల్లు మాస్టారు ఈల వేసినట్టు అన్నీ ఒకే దిక్కుకు తిరిగితే అది ఫెర్రో అయస్కాంతం, అంటే మనకు తెలిసిన సూదంటురాయి. వేడి పెరిగితే పిల్లల అల్లరి పెరిగి వరస చెడుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర వరస పూర్తిగా చెడుతుందో దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. రేడియం కనుగొన్న మేరీ క్యూరీ భర్త పియరీ క్యూరీ 1895లో చేసిన పరిశోధన దీనికి మూలం. ఇనుముకు ఇది 770 సెంటీగ్రేడు డిగ్రీలు. పెద్దవాళ్ళు పక్కన ఉంటే పిల్లలకు ఇంట్లోనే చూపించవచ్చు. కుట్టుసూదిని అయస్కాంతంతో ఒకే వైపుకు పాతికసార్లు రుద్దండి, అది గుండుసూదిని ఎత్తుతుంది. దాన్నే పటకారుతో పట్టి గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి చల్లారనివ్వండి. ఆ శక్తి దాదాపు పోతుంది.

రెండో రకం ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక బాణం పైకి చూస్తే పక్కది కిందికి చూస్తుంది. మొత్తం కూడితే సున్నా. దీన్ని యాంటీఫెర్రో అయస్కాంతం అంటారు. ఈ క్రమాన్ని ఊహించి వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది చెదిరే ఉష్ణోగ్రతకు ఆయన పేరే పెట్టారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది ట్రయల్ బ్యాలెన్సు లాంటిది. డెబిట్టూ క్రెడిట్టూ సమానమై తేడా సున్నా వచ్చినంత మాత్రాన ఖాతాలో ఏమీ లేదని అర్థం కాదు. పుస్తకం నిండా పద్దులే.

ఇక టెల్లూరియం పని ఏమిటి? ఈ పదార్థాలలో లోహ పరమాణువులు చాలావరకు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. వాటి మధ్య కూర్చుని ఇటు కబురు అటు, అటు కబురు ఇటు చేరవేసే పెళ్ళిళ్ళ పేరయ్య టెల్లూరియం. లోహం, టెల్లూరియం, మళ్ళీ లోహం, ఈ మూడింటి మధ్య కోణం మారితే కబురు మారుతుంది. సాధారణంగా కోణం తొంభై డిగ్రీలకు దగ్గరగా ఉంటే బాణాలు ఒకే వైపు తిరుగుతాయి, మూడూ సరళరేఖలోకి వస్తే ఎదురెదురుగా తిరుగుతాయి. అందువల్ల పరమాణువు కాస్త జరిగినా అయస్కాంతం స్వభావమే మారిపోవచ్చు.

లోపం లేని స్ఫటికం లేదు

ఉప్పు గల్లు, పటికబెల్లం, వజ్రం, ఇవన్నీ స్ఫటికాలు. పరమాణువులు సినిమాహాలులో కుర్చీల మాదిరి వరసగా సర్దుకుని ఉంటాయి. అయితే ఏ హాలూ పూర్తిగా క్రమంగా ఉండదు. కొన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కొందరు నడిచే దారిలో స్టూలు వేసుకుని కూర్చుంటారు. కొందరు ఒకరి సీట్లో ఒకరు కూర్చుంటారు. స్ఫటికంలోనూ ఇవే మూడు ముఖ్యమైన లోపాలు: ఖాళీ, చొరబాటు, తారుమారు.

ఇవి తయారుచేసేవారి అజాగ్రత్త వల్లనే వస్తాయనుకోకూడదు. రష్యాకు చెందిన ఫ్రెంకెల్, జర్మనీకి చెందిన షాట్కీ 1926, 1930 ప్రాంతాలలో చూపించినదేమంటే, వేడి అనేది ఉన్నంతవరకూ కొన్ని ఖాళీలు ఉండి తీరతాయి. అది ప్రకృతి నియమం. కరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న రాగి వంటి లోహంలో సుమారు పదివేల స్థానాలకు ఒకటి ఖాళీగా ఉంటుంది.

లోపం ప్రతిసారీ నష్టమూ కాదు. కెంపునే తీసుకోండి. అల్యూమినియం ఆక్సైడు స్ఫటికానికి తనంతట తనకు రంగు లేదు. అందులో అల్యూమినియం కూర్చోవలసిన చోట్ల అక్కడొకటి ఇక్కడొకటి క్రోమియం కూర్చుంటే ఎర్రటి కెంపవుతుంది. మన ఆడపడుచుల కమ్మల్లో మెరిసేది ఒక లోపమే!

ఆరు వాటాల భవనం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. క్రోమియం టెల్లూరైడు అంతస్తుల భవనం లాంటిది. ఒక అంతస్తు అంతా టెల్లూరియం, దాని మీద ఒక అంతస్తు క్రోమియం, మళ్ళీ టెల్లూరియం, మళ్ళీ క్రోమియం. లెక్కకు సులువుగా ఉండడానికి అంతస్తుకు ఆరు వాటాలు అనుకుందాం. రెండు టెల్లూరియం అంతస్తులకు 12 మంది. రెండు క్రోమియం అంతస్తులూ నిండితే వాళ్ళూ 12 మంది. అంటే నిష్పత్తి ఒకటికి ఒకటి.

ఈ పదార్థంలో ఒక చిత్రం ఉంది. ఖాళీలు ఎక్కడ పడితే అక్కడ రావు. క్రోమియం అంతస్తులలో ఒకటి విడిచి ఒకదానిలోనే వస్తాయి. మొదటి క్రోమియం అంతస్తు నిండుగా ఉండి, రెండోదానిలో ముగ్గురే ఉంటే మొత్తం 9 మంది. 12 టెల్లూరియాలకు 9, అంటే నాలుగుకు మూడు. రెండోదానిలో ఇద్దరే ఉంటే 8 మంది, మూడుకు రెండు. అసలెవరూ లేకపోతే 6 మంది, రెండుకు ఒకటి. రసాయన శాస్త్రజ్ఞులు వీటికి వేరువేరు సూత్రాలు రాస్తారు. భవనం ఒకటే, ఖాళీ వాటాలు మాత్రం వేరు.

ఇవన్నీ ఫెర్రో అయస్కాంతాలే. మరి క్యూరీ ఉష్ణోగ్రతలు చూడండి. దాదాపు నిండిన భవనానికి సుమారు 67 డిగ్రీలు. నాలుగుకు మూడున్న దానికి సుమారు 45 నుంచి 50 డిగ్రీలు. ఖాళీలు పెరిగాయి, బలం తగ్గింది; బాగానే ఉంది. మూడుకు రెండున్న దానికి ఒక్కసారిగా సున్నాకు దిగువన 90 డిగ్రీల దాకా పడిపోతుంది. ఈ లెక్కన పై అంతస్తు పూర్తిగా ఖాళీ అయితే అయస్కాంతమే మిగలదని ఎవరైనా అనుకుంటారు. కానీ 2015లో ఆ పదార్థాన్ని తయారుచేసి చూస్తే సుమారు 37 డిగ్రీల దాకా అయస్కాంతంగానే ఉంది! అది నేరుగా తయారు కాదు. ముందు ఆ ఖాళీ అంతస్తులో పొటాషియాన్ని అద్దెకు పెట్టి, భవనం నిలిచాక పొటాషియాన్ని ఖాళీ చేయించారు.

ఎందుకిలా? ఖాళీలు మారినప్పుడు మనుషుల సంఖ్య ఒకటే మారదు. అంతస్తుల మధ్య దూరం, కబురు మోసే కోణాలు, ఎలక్ట్రాన్ల పంపకం, అన్నీ మారతాయి. 1970లో నార్వేలో ఆండ్రెసెన్ అనే శాస్త్రజ్ఞుడు న్యూట్రాన్ కిరణాలతో ఈ స్ఫటికాలను పరీక్షించి ఇంకో సంగతి చెప్పాడు. మూడుకు రెండున్న పదార్థంలో నిండు అంతస్తులోని క్రోమియానికీ, ఖాళీల అంతస్తులోని క్రోమియానికీ అయస్కాంత బలం ఒకటి కాదు. రెండోదానిది చాలా స్వల్పం. ఒకే మూలకం, ఒకే స్ఫటికం. ఇరుగుపొరుగును బట్టి బలం వేరు.

న్యూట్రాన్ కిరణాలు అని ఎందుకన్నానంటే, ఎక్స్ కిరణాలతో పరమాణువు ఎక్కడుందో సులభంగా తెలుస్తుంది గాని దాని బాణం ఎటు చూస్తోందో తెలియడం కష్టం. న్యూట్రాన్ తానే ఒక చిన్న అయస్కాంతం కనుక అది చెప్పగలదు. అమెరికాలో క్లిఫర్డ్ షల్ 1949లో ఈ పద్ధతితో యాంటీఫెర్రో క్రమాన్ని మొదటిసారి నిరూపించాడు; నోబెల్ బహుమతి మాత్రం 1994లో వచ్చింది. మన దేశంలో ఈ పనికి 1985లో మొదలైన ధ్రువ రియాక్టరు ఉంది. బొంబాయిలో ఉన్న మన పాఠకులకు ట్రాంబే కొత్త కాదు కదా.

సున్నాలో దాగిన సంగతి

మాంగనీసు టెల్లూరైడుదీ ఇటువంటి భవనమే. అయితే ఇది యాంటీఫెర్రో రకం. ఒక మాంగనీసు అంతస్తులో బాణాలన్నీ ఒక వైపు, తరువాతి అంతస్తులో ఎదురు వైపు. ఈ క్రమం చెదిరే నీల్ ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. అంటే మన వేసవి మధ్యాహ్నం నీడలోనే దాని క్రమశిక్షణ పోతుంది.

దీన్ని చాలాకాలం మామూలు యాంటీఫెర్రో అనే లెక్కలోనే ఉంచారు. 2022లో స్మెయ్‌కల్, సినోవా, యుంగ్‌విర్త్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఫెర్రో, యాంటీఫెర్రో కాక మూడో జాతి ఒకటి ఉండాలని వాదించి, దానికి ‘ఆల్టర్‌మాగ్నెట్’ అని పేరు పెట్టారు. మాంగనీసు టెల్లూరైడులో దాని గుర్తులు కనబడ్డాయని 2024లో నేచర్ పత్రికలో ప్రయోగ ఫలితాలు వచ్చాయి.

మళ్ళీ బ్యాంకు ఉపమానమే తెస్తాను. సాయంత్రానికి బ్రాంచి మొత్తం మీద జమ, చెల్లింపు సమానమై తేడా సున్నా వచ్చింది. కాని ఒక్కో కౌంటరు దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకచోట జమ ఎక్కువ, పక్కచోట చెల్లింపు ఎక్కువ. ఆల్టర్‌మాగ్నెట్‌లోనూ అంతే. మొత్తం సున్నాయే. స్ఫటికంలో ఒక దిక్కున పోయే ఎలక్ట్రాన్లలో మాత్రం పై బాణం వాటికీ కింది బాణం వాటికీ శక్తిలో తేడా ఉంటుంది. పక్క దిక్కుకు తిరిగితే ఆ తేడా తిరగబడుతుంది. ఎదురెదురు బాణాల మాంగనీసుల చుట్టూ టెల్లూరియం పరమాణువులు ఒకే తీరుగా కాక, ఒకదానితో పోలిస్తే ఒకటి తిప్పినట్టు అమరి ఉండడమే దీనికి కారణం.

ఇందులో ప్రయోజనం ఏమిటంటే, కంప్యూటర్లో సమాచారం దాచే అయస్కాంతాలు ఒకదాని బలం ఒకదాని మీద పడి చెదరకుండా ఉండాలి. మొత్తం సున్నా అయితే ఆ బెడద లేదు. అయినా రాసింది చదవగలగాలి. ఆ రెండూ ఒకేచోట దొరికే అవకాశం ఇక్కడ కనబడుతోంది.

లెక్కలో చూపని లోపం

చిక్కు కూడా ఇక్కడే ఉంది. మొత్తం సున్నా రావలసిన మాంగనీసు టెల్లూరైడు కొన్నిసార్లు కాస్త అయస్కాంత బలం చూపుతుంది. అది కొత్త జాతి లక్షణమా, లేక ఆ ముక్కలోని లోపమా? మాంగనీసు పాలు కాస్త ఎక్కువైన పల్చని పొరలు ఫెర్రో అయస్కాంతాలుగా మారుతున్నాయని 2024లో అమెరికా పరిశోధకులు చూపించారు. అంటే నమూనాలో ఏ పరమాణువు ఎంత పాలు ఉందో తేల్చకుండా కొత్త లక్షణం కనుగొన్నామని ప్రకటించడం ఆడిటు కాని బ్యాలెన్సు షీటును నమ్మడం లాంటిది.

ఇలాంటి ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. ఇనుము, జెర్మేనియం, టెల్లూరియం కలిసిన ఒక పదార్థం సున్నాకు దిగువన 50 డిగ్రీల దాకా అయస్కాంతంగా ఉంటుంది. అందులో ఇనుము పాలు కాస్త తగ్గితే క్యూరీ ఉష్ణోగ్రత ఇంకో 70 డిగ్రీల దాకా పడిపోతుంది. ఒకే పేరుతో రెండు ప్రయోగశాలల్లో పెంచిన స్ఫటికాలు రెండు రకాల ఫలితాలిస్తే ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు, ఖాళీల లెక్క వేరు. మాంగనీసు, బిస్మత్, టెల్లూరియం కలిసిన మరో పదార్థం 2019లో చాలా ఆశలు రేపింది. అందులో మాంగనీసు, బిస్మత్ కుర్చీలాటలో పిల్లల్లా ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. చోటు తప్పిన మాంగనీసు బాణం అసలు వరసకు ఎదురు తిరిగి మొత్తం బలాన్ని తగ్గిస్తుంది.

2017లో క్రోమియం, జెర్మేనియం, టెల్లూరియం కలిసిన స్ఫటికం నుంచి రెండు పొరల మందం గల రేకును ఒలిచి, అంత పల్చగా ఉన్నా అయస్కాంతంగా నిలుస్తుందని చూపించారు. గాజుగొట్టంలో రోజుల తరబడి పెంచిన స్ఫటికానికి మామూలు అంటుకునే టేపు వేసి పొరలు లాగే పద్ధతి అది. అది బాగా చల్లటి స్థితిలోనే పని చేసింది. 2022లో ఇనుము, గాలియం, టెల్లూరియం కలిసిన స్ఫటికాన్ని చైనాలో పెంచారు. అది 75 డిగ్రీలు దాటినా అయస్కాంతంగా నిలిచింది. గది వేడిలో పని చేసే పల్చని అయస్కాంతాల ఆశ అక్కడినుంచి బలపడింది.

లోపం ఉండడం తప్పు కాదు. దాన్ని లెక్కించకపోవడం, లెక్కించి చెప్పకపోవడం తప్పు. ఈ రంగంలో ఇప్పుడు జరుగుతున్న పనిలో పెద్ద భాగం ఈ లెక్కే. ఖాళీని తొలగించడం కంటే, కావలసినచోట కావలసినన్ని ఖాళీలు పెట్టడం నేర్చుకుంటున్నారు.

మనవాడి పాత పాఠం

ఈ శాస్త్రానికి వెన్నెముక స్ఫటికంలోని సౌష్టవం. ఏ వైపు తిప్పితే మళ్ళీ అలాగే కనబడుతుంది అన్న గణితం. ఈ గణితాన్ని మన దేశంలో ముందుగా పట్టుకున్నవారిలో ఒకరు తెలుగువారైన సూరి భగవంతం గారు. 1909లో పుట్టి, కలకత్తాలో సి.వి.రామన్ గారి దగ్గర పనిచేసి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అక్కడ వెంకటరాయుడు గారితో కలిసి ఈ గణితం మీద రాసిన పుస్తకం 1948లో వచ్చింది. 1957 నుంచి బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరుగా ఉన్నారు. 1966లో వచ్చిన ఆయన ఆంగ్ల గ్రంథం స్ఫటిక సౌష్టవానికీ భౌతిక ధర్మాలకూ ఉన్న సంబంధం మీద రాసినది. అందులో అయస్కాంత సౌష్టవం గురించీ ఉంది. ఆల్టర్‌మాగ్నెట్ అనే మాట అప్పటికి పుట్టలేదు. ఆ మాటను అర్థం చేసుకోవడానికి కావలసిన గణితం మాత్రం ఆ తరం వాళ్ళు నేర్చుకున్న, నేర్పిన జాతిదే.

బెంగుళూరు, మద్రాసు, భువనేశ్వర్, బొంబాయిలలో మన పిల్లలు ఎందరో సైన్సు చదువుతున్నారు. వాళ్ళ పాఠాలు ఇంగ్లీషులో, ఆటపాటలు స్థానిక భాషలో సాగుతాయి. రాత్రి భోజనాల దగ్గర ‘ఇవాళ ఏం చెప్పారు?’ అని అడిగితే తెలుగులో చెప్పలేమని తప్పుకుంటారు. సూదంటురాయి, ఖాళీ కుర్చీ, ఆరు వాటాల భవనం అనే మాటలతో ఈ కొత్త శాస్త్రం కూడా చెప్పుకోవచ్చు. ఒకసారి వాళ్ళ చేత చెప్పించుకుని చూడండి. మనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాళ్ళకు కూడా బాగా అర్థమైనట్టే.